తలుపు చప్పుడు పాట

టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా చేశానంటే ఈ కాలం పిల్లలు నేను సినిమాలు ఆడించేవాణ్ననుకుంటారు. సినిమా ఆడించడం ఆ పనిలో సగమే. మిగతా సగం పొద్దు వాలగానే మొదలయ్యేది. డేరా పక్కన నాటిన పొడుగాటి గుంజకు మైకు హారను కట్టి, గ్రామఫోను ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ చుట్టుపక్కల పల్లెలన్నిటినీ పిలవాలి. పోస్టరు చూసి వచ్చేవాళ్లు కొందరే. పాట విని వచ్చేవాళ్ల మీదే మా పొయ్యి మండేది.

ఆ పాటలకు ఒక వరస ఉండేది. మొదట దేవుడి పాట. అది వినపడితే ఇంకా చేలలో ఉన్నవాళ్లు ఇంటిదారి పట్టేవాళ్లు. తర్వాత నాలుగైదు సినిమా పాటలు, అంటే సంగటి కెలుక్కోండి, తినండి అని. అన్నిటికన్నా చివర ఆఖరి ప్లేటు. అది అయిపోతే సినిమా మొదలైనట్టే. మీ చేతిలో ఫోను గంట చెబుతుంది. కుందుర్పి చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో సాయంత్రపు గంట నేనే. ఒకసారి ప్లేట్ల వరస తప్పి ఆఖరిది ముందు వేసినందుకు, సగం ఊరు చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టిపోసింది.

మా ఆఖరి ప్లేటు సినిమా పాట కాదు. ఎవరో నాటకాల కంపెనీ ఆవిడ పాడిన పాత పాట. నేను చేరేసరికే ఆ ప్లేటు మీద అడ్డంగా ఒక లోతైన గీత పడి ఉంది. ఎవరు చేశారని అడిగితే పాత ఆపరేటరు అన్నారు. టూరింగ్ టాకీసులో ఏ తప్పయినా పాత ఆపరేటరుదే. పాట ఇలా ఎత్తుకునేది.

*సందెపొద్దు వాలిపాయె, తలుపు తీయవే,*
*సద్ది గట్టి పోయినోణ్ణి, తిరిగి వస్తినే.*

ఇక్కడికి రాగానే ముల్లు గీతలో పడి 'కిర్ర్‌ర్ర్' అంటూ జారుకుంటూ పోయి, చివర్లో ఎక్కడో మళ్లీ పట్టుకునేది.

*వాకిట్లో దీపమే వెలుగుతున్నదే,*
*వచ్చినాయన కూసొని ఏడ్చినాడదే.*

అంతే పాట. పనికోసం ఊరు విడిచిన మగవాడు తిరిగొస్తాడు, తలుపు తీయమంటాడు, తలుపు కిర్రుమంటుంది, లోపల దీపం వెలుగుతూ ఉంటుంది, సంతోషం పట్టలేక ఏడుస్తాడు. ఇందులో అర్థం కానిది ఏముంది? ఆ కిర్రు తలుపు చప్పుడని పల్లెపల్లెలో అందరికీ తెలుసు. కలుపు తీసే ఆడవాళ్లు ఈ పాట పాడితే ఆ చోటికి వచ్చేసరికి నాలుక పైకి మడిచి కిర్రుమనేవాళ్లు. పెళ్లిళ్లలో పాడితే ఇద్దరు ముగ్గురు కలిసి కిర్రుమనేవాళ్లు. ఆ తలుపు వేప చెక్కదా తుమ్మ చెక్కదా అని రచ్చకట్ట మీద వాదులాడుకోవడం కూడా నేను విన్నాను. ఒక వడ్రంగి ఆయనైతే ఆ తలుపు బందులకు ఆముదం పెడితే చప్పుడు పోతుందని తేల్చి చెప్పాడు.

ముల్లు జారడం రోజూ కళ్లారా చూసేవాణ్ని నేను. అయినా రెండేళ్లు తిరిగేసరికి నాకూ తలుపే వినిపించడం మొదలైంది. పదిమందీ విన్నదే మనమూ వింటాం.

ఇక అక్క సంగతి. కుందుర్పి అవతల మేం ఏటా డేరా వేసే ఒక పల్లెలో, ఆడవాళ్ల గేటు పక్కన గంప పెట్టుకుని వేయించిన శనక్కాయలు అమ్మేది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. నేను అక్కా అనేవాణ్ని, ఆమె తమ్ముడూ అనేది. పిల్లల్లేరు. వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో, శనక్కాయ చేను ఎండి పొల్లు పోయాక, పని చూసుకుని వస్తానని మొగుడు బెంగుళూరు పోయాడు. ఏదో హోటల్లో పిండి రుబ్బుతున్నాడని మొదట్లో అటునుంచి వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. తర్వాత చెప్పేవాళ్లు కూడా లేకుండా పోయారు.

ఆమె అన్న కణేకల్ దగ్గర కాలువ కింద సేద్యం చేసేవాడు. ఏడాదికోసారి వచ్చి చెల్లెలి ముందు కూర్చుని ఒకటే మాట చెప్పేవాడు. అక్కడ ఒకాయనకు పెళ్లాం పోయింది, మంచోడు, నీళ్లు పారే మడి ఉంది, మనవాళ్లలో మారుమనువు తప్పు కాదు, వచ్చేయమని. పోకూడదని చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు. అత్తగారు బతికి ఉన్నప్పుడే, "పో తల్లీ, నా కొడుక్కు సిగ్గు ల్యాకపోతే నీకెందుకు ఈ ఎండు బతుకు?" అని దీవించి పోయిందట.

అక్క మాత్రం కదిలేది కాదు. ఒక సాయంత్రం నేనే అడిగాను.

"అన్న చెప్పేది కూడా మంచే గదక్కా?"

"మంచే. ఎవురు కాదన్నారు? ఆయప్ప వచ్చి తలుపు కొడితే తీసేకి మనిషి ల్యాకుంటే ఎట్లప్పా?"

"వస్తాడని ఏమి నమ్మకం?"

ఆమె హారను వైపు గడ్డం ఎత్తి చూపించింది. "దినామూ నువ్వే గదా చెప్తాండావు" అంది.

వేళాకోళంగానే అంది. కానీ అది వేళాకోళం కాదని నాకు తెలుసు. ఎండిన ఊళ్లో మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. కొందరికి దేవుడు, కొందరికి బోరు. ఆమెకు మా ప్లేటు.

ఇలా ఏళ్లు గడిచి ఎనభైల్లోకి వచ్చాం. బళ్లారిలో ఒక టాకీసు మూతపడితే మా ఓనరు అక్కడి పాత ప్లేట్ల పెట్టె కొనుక్కొచ్చాడు. అప్పుడు మా డేరా కణేకల్ వైపు ఉంది. ఒక మధ్యాహ్నం నేనూ, మా గేటు చూసే సాయబు మామా పెట్టె విప్పి ప్లేట్లు తుడుస్తూ వింటూ కూర్చున్నాం. అడుగున మా ఆఖరి ప్లేటే ఇంకొకటి దొరికింది. దాని మీద గీత లేదు. సంబరంగా వేశాను.

తిరిగి వస్తినే అన్నాక తలుపు చప్పుడు రాలేదు. ఆవిడ పాడుతూనే పోయింది.

*ముమ్మారు పిలిచినా పలుకు రాదాయె,*
*పక్కింటి ముసలమ్మ బయటికొచ్చెనే.*
*ఏండ్లు ఏండ్లు చూసెనయ్యా నీ దావ,*
*నిన్న గాక మొన్ననే మట్టికి పాయె.*

ఆ తర్వాతే వాకిట్లో దీపం. అది పోయినవాళ్ల కోసం పెట్టిన దీపం. ఆయన ఏడ్చింది సంతోషంతో కాదు.

మామ ప్లేటు తుడిచే గుడ్డ కింద పెట్టేశాడు. ఇన్నేళ్లుగా ఆయన కూడా గేటు దగ్గర నిలబడి కిర్రుమన్నవాడే.

"అరే, మనం దినామూ సావు పాట పెట్టి జనాల్ని సినిమాకి పిలుస్తాంటిమా?" అన్నాడు.

నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఓనరు మాట ప్రకారం కొత్త ప్లేటే వేశాను. కణేకల్ జనం మా మీదికి వచ్చారు. "తలుపు చప్పుడు యాడికి పాయెప్పా? పాట చెడగొడితివి గదా!" అని ఒకడు. పాట పొడుగైపోయి లెక్క తప్పి, ఇంకా టైము ఉందేమోనని ఇంట్లోనే కూర్చున్నామని కొందరు. పాట పాడిన ఆవిడే తప్పు పాడిందని, మాకు తెలిసిందే సరైనదని తేల్చినవాళ్లు కూడా ఉన్నారు. వారం పదిరోజులకు అలవాటు పడ్డారు. కొందరు ఆడవాళ్లు ఆ చరణం దగ్గర కళ్లు తుడుచుకోవడం కూడా మొదలుపెట్టారు.

కణేకల్ నుంచి డేరా పీకి మళ్లీ కుందుర్పి వైపు బయలుదేరే రోజు పాత ప్లేటు పారేయమన్నాడు ఓనరు. నేను దాన్ని పాత పంచెలో చుట్టి నా ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను. మామ చూశాడు.

"ఆయమ్మ కోసమా?"

"ఔను మామా. ఆ ఊళ్లో పాతదే వేస్తా."

"తప్పప్పా. నిజం చెప్పేయ్. ఇనేసి అన్న ఎంబడి పోతాది. నీళ్లు పారే మడి ఉండాది, ఇంగో ఇల్లు ఉండాది. నువ్వు ఈ గీతల ప్లేటు పెట్టి ఆయమ్మని ఎన్నేండ్లు కూసోబెడతావు?"

"నిజం చెప్పి ఉన్న ఒక్క ఆశా తీసేసేకి మనమెవరు మామా?"

"ఆశ కాదది, పరేషాన్" అన్నాడు మామ.

మేం ఇద్దరం ఒకే డేరాలో పదేళ్లు పని చేశాం, ఒకే పళ్లెంలో తిన్నాం. అంత గట్టిగా వాదించుకున్నది మాత్రం ఆ ఒక్క విషయం మీదే. ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. నేను చేసింది తప్పని కూడా అనను. మనిషిని బట్టి జాలి రెండు దారుల్లో పోతుంది.

అక్క ఊళ్లో డేరా వేశాక పాత ప్లేటే వేశాను. తలుపు కిర్రుమంది. ఊరంతా కడుపు నిండినట్టు వచ్చి కూర్చుంది. ఓనరు రాయదుర్గంలో ఉండేవాడు కాబట్టి అడిగేవాళ్లు లేరు.

నాలుగైదు వారాలు అలా నడిచింది. ఒక మధ్యాహ్నం నేను డేరాలో ఫిల్ము చుడుతూ ఉండగా అక్క వచ్చింది. ఆమె వెనక అన్న. కణేకల్ నుంచి పొద్దున బస్సుకు దిగాడట. ఆయనకు నా మొహం కూడా తెలుసు, వాళ్ల ఊరి పక్కనే మా డేరా ఉన్నప్పుడు నేల టికెట్టు కొని నెలంతా సినిమాలు చూశాడు. అంటే నెలంతా కొత్త ప్లేటు విన్నాడు. ఇది నాకు తట్టనే లేదు. ప్లేటు దాచాను గానీ ఆ పాట విన్న మనిషికి నోరుంటుందనీ, ఎక్కి రావడానికి బస్సు ఉంటుందనీ అనుకోలేదు.

"తమ్ముడూ," అంది అక్క, "మాయన్న చెప్తాండాడు, ఆ పాటలో ఆయమ్మ సచ్చిపోయింటాదంట. నిజమా?"

నేను మామ వైపు చూశాను. మామ గేటు దగ్గరి బల్ల మీద చూపు పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పొద్దు, ప్లేటు పెట్టు. నేనే ఇంటా" అంది అక్క.

మామ లేచి పోయి కరెంటు ఇంజను తిప్పాడు. ఊరికి వినపడకుండా హారను వైరు పీకేసి తెర వెనకున్న స్పీకరు పెట్టెకు తగిలించాను. ఖాళీ డేరాలో, ఎండ సందుల్లోంచి చారలుగా పడుతూ ఉంటే, ఆమె నేల మీద ముందు వరసలో కూర్చుంది. పాత ప్లేటు ఒక చేతికి, కొత్తది ఒక చేతికి తగిలాయి. కొత్తదే పెట్టాను. ఎదురుగా వచ్చి అడిగిన మనిషికి గీత పడిన ప్లేటు పెట్టే గుండె నాకు లేదు.

పాట అయిపోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. అన్న కంట్లో నీళ్లున్నాయి, ఆమె కంట్లో లేవు.

"ఎంత కాలం కూసునింది ఈమె?" అంది.

"ఏండ్లు ఏండ్లు అంటాది గదక్కా."

"ఎందుకు? కాళ్లు ల్యావా ఈమెకి?"

"బస్సులు లేని కాలపు పాటక్కా" అన్నాను.

"ఇప్పుడు ఉండాయి గదప్పా బస్సులు" అంది.

లేచి చీరకు అంటిన మన్ను దులుపుకుంది. అన్నతో చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"నన్ను కణేకల్లుకి కాదు, బెంగుళూరుకి తోలుకొని పో. హోటళ్లన్నీ తిరుగుదాం. ఆయప్ప దొరికితే తోలుకొస్తా. ఇంగోదాన్ని పెట్టుకొనుంటే, ల్యాదంటే సచ్చిపోయింటే, నువ్వు చెప్పినోణ్ని చేసుకుంటా, ఒట్టు. ఈడ మాత్రం కూసోను. కూసుంటే సస్తామని పాటే చెప్తాండాది గదా."

అన్న చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోదామని వచ్చినవాడు. మరుసటి పొద్దున ఇద్దరూ కలిసి బస్సెక్కారు. శనక్కాయల గంప నా మిషను గదిలోనే పెట్టిపోయింది, ఎలకలు పడకుండా చూడమని.

ఆ సాయంత్రం నుంచీ ఆ ఊళ్లో కూడా కొత్త ప్లేటే వేశాను. ఇంక పాతది ఎవరి కోసం? ఊరంతా గోల చేసింది. నేను వినిపించుకోలేదు, నాకు నా గోల ఉంది. ఆడమనిషి, బెంగుళూరు ఎప్పుడూ చూడనిది, ఒక్క పాట విని లేచి పోయింది. ఆయన దొరకకపోతే? దొరికినా, ఇంకో కాపురంతో దొరికితే? రోజూ గేటు దగ్గర ఖాళీ చోటు చూసినప్పుడల్లా గదిలోకి పోయి ఆమె గంప మీది మూత సరిచేసి వచ్చేవాణ్ని. మామ కూడా తెగ ధైర్యం చెప్పేవాడు. "నిజం చెప్తే మంచే జరుగుతాది" అని. చెబుతూ చెబుతూ బీడీ మీద బీడీ కాల్చేవాడు.

ఎన్ని రోజులు గడిచాయో లెక్క పెట్టలేదు. ఒక సాయంత్రం దేవుడి పాట వేసి బయటికి వస్తే, గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. పక్కన ఒక మనిషి, కొత్త చొక్కా, కాళ్లకు హోటలు చెప్పులు, అరచేతులు పిండి రుబ్బి రుబ్బి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఊళ్లోవాళ్లు చుట్టూ మూగారు. ఆయన ఎవరి మొహమూ చూడటం లేదు.

బెంగుళూరు బస్టాండు చుట్టుపక్కల హోటళ్లన్నీ వెనక వాకిలి నుంచి అడుగుతూ పోయారట. ఆరో ఏడో చోట రుబ్బురోలు దగ్గర కనపడ్డాడు. ఆడమనిషి ఎవరూ లేరు, ఇంకో కాపురం లేదు. ఉన్నదల్లా ఒక చాప, ఒక ట్రంకు పెట్టె. ఆయన దొరికాక అన్న తన దారిన కణేకల్ పోయాడట. కోపగించుకుందో, ఏడ్చిందో, కొట్టిందో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన చెంప మీద ఎర్రగా గోరు గీరిన గుర్తు మాత్రం చూశాను.

మామ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నాకు ఆగలేదు.

"ఏమన్నా, ఇన్నేండ్లలో ఒక్క దినమన్నా ఊరికి రావాలని అనిపించల్యాదా?" అన్నాను.

ఆయన టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "యాల అనిపించదప్పా? దినామూ అనిపించేది. ఉత్త చేతుల్తో ఎట్ల పోయేదని రోంత సిగ్గు. సిగ్గు ఎక్కువైనప్పుడు మీ పాటే పాడుకుంటాంటి. పిండి రుబ్బుతా రోలు కాడ కిర్రుమంటాంటి. ఎప్పుడు పోయినా తలుపు తీస్తాది గదా, ఆయమ్మి యాడికి పోతాది, దీపం పెట్టుకొని ఉంటాది అనుకుంటాంటి. ఆ ధైర్యంతోనే ఈ పండగ్గాకపోతే వచ్చే పండగని ఇన్నేండ్లు గడిసిపాయె."

ఇక్కడ ఆమెను ఆ పాట వాకిట్లో కూర్చోబెట్టిందని నేనూ మామా వాదించుకున్నాం. అక్కడ ఆయన్ని కూడా అదే పాట రోలు దగ్గర కూర్చోబెట్టిందని మా ఇద్దరికీ తట్టలేదు. వస్తాడని ఆమె, ఉంటుందని ఆయన. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం ఉండబట్టే, ఆ ఇద్దరూ కలిసి బతకాల్సిన మంచి ఏళ్లు పోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. డేరా పనివాళ్లు చూసి నవ్వారు, నవ్వనీ.

"సరే సరే, పెద్ద నాటకం," అంది అక్క. నా గదిలోంచి గంప తెచ్చి మొగుడి వైపు తోసింది. "ఊరికే కూసోవద్దు, పొట్లాలు చుట్టు. తమ్ముడూ, నువ్వు లోపలికి పో. జనాలు దావ చూస్తాండారు, ఆఖరి పాట పెట్టు."

"ఏది పెట్టమంటావక్కా?"

"ఈయప్ప సగమే ఇన్నాడు. మొత్తం పెట్టు" అంది.

పెట్టాను. పక్కింటి ముసలమ్మ బయటికి వచ్చి చెప్పే ఆ చరణం దగ్గర, ఆయన పొట్లాలు చుట్టడం ఆపి చేతిలోని కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.